తుపాను నెలలలో మన వంటిల్లు

శరదృతువు వచ్చినది. ఆకాశము తేటపడినది, కాలువలలో నీరు తేరినది, సార్వా చేలు పొట్టదశ దాటి కంకులు వేయుచున్నవి. మెట్టసీమలవారికి ఇది వెన్నెలను చూచి సంతోషించు కాలము. సముద్రపుటొడ్డున కాపురముండు మనకు మాత్రము ఇది తూర్పుదిక్కు చూచుచుండు కాలము. చేను ఎంత బాగుగా నున్నను కోత కోసి కుప్ప వేయువరకు మనకు నిద్ర పట్టదు. ఇట్టి నెలలలో ఇల్లు ఎట్లు నడుపుకొనవలెను, ఏమి నిలువ చేసికొనవలెను, ఏమి వండుకొనవలెను అను విషయమును గూర్చి రైతు సోదరులకును, వారికంటె ముఖ్యముగా మన గృహిణులకును కొన్ని మాటలు చెప్పదలచితిమి.

నైరుతి ఋతుపవనములు వెనుదిరుగు ఈ దినములలో బంగాళాఖాతపు నీరు ఇంకను వెచ్చగనే యుండును. ఆ వెచ్చదనమే వాయుగుండములకు బలము. అవి పడమరగా నడచి మన తీరమును చేరును. మన డెల్టా భూములు పల్లమైనవి. అందుచేత గాలికంటె నీరే యెక్కువ ప్రాణహాని చేయుచున్నది. 1864 నవంబరు 1వ తేదీని బందరుమీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వపు లెక్కప్రకారమే సుమారు 10,000 మంది పోయిరి. 1996 నవంబరు 6న కోనసీమలో లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలకొరిగినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉద్దానమును కొట్టినవి. పంచాంగములు తిరుగవేసి చూచినచో ఈ యైదును ఆశ్వయుజ కార్తీకములందే వచ్చినట్లు తెలియును. 1990 మే 9నాటి తుపానువలె వేసవియందు వచ్చినవియు లేకపోలేదు గాని, మన పెద్దలు ఈ రెండు నెలలకే యెక్కువగా భయపడుట అకారణము కాదు.

నాటికిని నేటికిని ఒక గొప్ప భేదము కలదు. తుపాను వచ్చుచున్నదను వార్త ఇప్పుడు కొన్ని దినములు ముందుగనే మన చేతిలోని ఫోనునకు అందుచున్నది. తుపాను ఆశ్రయములు కట్టబడినవి. ఆ కారణమున ప్రాణములు నిలుచుచున్నవి. అయితే ప్రాణముతో నిలిచిన కుటుంబము మరునాడు ఏమి తినును? రోడ్డు తెగినది, దీపములు లేవు, అంగడి మూసియున్నది, చేను నీటిలో నున్నది. మేము చెప్పదలచిన సంగతి ఇచ్చటనే యున్నది. తుపాను తరువాత రైతు అప్పు పొలములోకంటె ముందుగా వంటింటిలో పుట్టుచున్నది. దానిని వంటింటిలోనే ఆపవచ్చును.

ఒక యెకరము విత్తనము

ఈ చిన్న లెక్కను చూడుడు. అయిదుగురు గల కుటుంబమునకు దినమునకు సుమారు రెండు కిలోల బియ్యము కావలెననుకొందము. ఏడు దినములకు 14 కిలోలు. ధాన్యము మరపట్టించినపుడు మూడింట రెండుపాళ్లు బియ్యమగును. కావున 14 కిలోల బియ్యమునకు 21 కిలోల ధాన్యము పట్టును. నాటువేయు వరికి ఎకరమునకు కావలసిన విత్తనము 20 మొదలు 25 కిలోలు. అనగా ఏడు దినముల కూడు ఒక యెకరము విత్తనముతో సమానము.

ఏడు దినముల కూడు వేరుగా తీసి యుంచని యింట, తుపాను నాలుగవనాటికి చేయి విత్తనపు గాదెలోనికి పోవును. దాళ్వాకు దాచిన ధాన్యము దంచబడును. వరికోతకు ముందు చేనిలో చల్లుటకై ఎకరమునకు 16 మొదలు 18 కిలోల చొప్పున ఉంచుకొన్న మినుములు పప్పుగా మారును. ఆకలి గొన్న బిడ్డలను ఎదుట పెట్టుకొని విత్తనము కాపాడవలెనని ఏ తల్లికిని మేము చెప్పజాలము. ఆమె చేసినది న్యాయమే. కాని నీరు తీసి, పదును వచ్చి, పొరుగువాడు మినుము చల్లుచుండగా ఈ రైతు విత్తనమునకై అప్పునకు పోవలసివచ్చును. నూటికి నెలకు రెండు రూపాయలు వడ్డీ యనగా వినుటకు స్వల్పముగానే యుండును. సంవత్సరమునకు అది నూటికి ఇరువదినాలుగు. పంట పోయిన సంవత్సరమున ఆ వడ్డీ తీరునది కాదు, పెరుగునది. ఇన్నిటికిని మూలము ఏడు దినముల బియ్యము.

ఆ బియ్యమును ఒక్కసారి కొనలేనివారికి ఒక సులభోపాయము కలదు. గృహిణి ప్రతిదినము ఎసటిలో బియ్యము పోయునపుడు ఒక దోసెడు తీసి వేరు కుండలో వేయవలెను. దోసెడనగా సుమారు నూరు గ్రాములు. వైశాఖము మొదలు భాద్రపదాంతమువరకు అయిదు నెలలు అట్లు చేసినచో 14 కిలోలకు పైగా చేరును. చీమ వేసవియందే తన కూడు కూర్చుకొనునని మనము చిన్ననాడు బడిలో చదివికొన్నదే గదా. కార్తీకము గడచిన తరువాత ఆ బియ్యమును వండుకొని తినివేసి, మరల వైశాఖమున కుండ మొదలుపెట్టవలెను. అట్లు చేసినచో పురుగు పట్టదు, ముక్కిపోదు.

అటకమీద నుండవలసినవి

నిలువయంతయు నేలనుండి ఎత్తున నుండవలెను. మన పూర్వులు డెల్టాలో గాదెలకు కాళ్లు పెట్టుటకును, వంటింట ఉట్టి కట్టుటకును కారణము పిల్లియు ఎలుకయు మాత్రమే కాదు. డాబా యిల్లు గలవారికి అటక యున్నది. తాటాకిల్లు గలవారు సామానులు మూటగట్టి ముందుగనే ఆశ్రయమునకో, బంధువుల డాబాకో చేర్చుట మేలు.

అయిదుగురి కుటుంబమునకు బియ్యము కాక, పెసరపప్పు రెండు కిలోలు, ఉలవలు ఒక కిలో, అటుకులు మూడు కిలోలు, బెల్లము కిలోన్నర, చింతపండు అర కిలో, నూనె ఒక లీటరు, వేరుసెనగపప్పు ఒక కిలో చాలును. ఎండుమిరపకాయలు, మిరియాలు, శొంఠి, వాము కొలదిగా నుండవలెను. పచ్చళ్లు వేసవిలో పెట్టినవే కలవు. ఆవకాయ, మాగాయ జాడీలను వాసెనగట్టి పైకెక్కించుటయే పని. చేపలు తినువారు నెత్తళ్లు, ఎండురొయ్యలు వేసవియెండలోనే ఎండబెట్టించి గట్టి మూతగల డబ్బాలో నుంచుకొనవలెను. కార్తీకపు ముసురులో ఎండబెట్టిన చేప నిలువయుండదు.

ఉప్పు మాత్రము కొంచెము ఎక్కువగా నుంచుడని మా మనవి. అది కూరకే కాక చేనికిని మందు. పడిపోయిన చేనిలో నీరు తీసిన తరువాత, గింజ కంకిమీదనే మొలకెత్తకుండుటకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడియునట్లు చల్లవలెను. ఎకరమునకు 200 లీటర్లు చల్లినచో 10 కిలోల ఉప్పు పట్టును. తడిసిన ధాన్యమును ఆరబోయుటకు ఎండలేనపుడు క్వింటాలునకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగుపెట్టినచో మొలకరాకుండ కొన్ని దినములు నిలుచును. తుపాను మరునాడు అంగడిలో ఉప్పు దొరకక చేను మొలకెత్తించుకొనిన రైతులు కలరు.

గాలినాటి వంట

గాలి వీచుచుండగా నిప్పు రాజేయరాదు. తాటాకిండ్లలో ఒక్క నిప్పురవ్వ చాలును. కావున మొదటి రెండు దినములకు నిప్పు లేని కూడు నిర్ణయించుకొనవలెను. ఇందుకు మన పండుగలే మనకు దారి చూపుచున్నవి. తొలియేకాదశినాటి పేలపిండి, నాగులచవితినాటి పచ్చి చలిమిడి, నువ్వులును బెల్లమును దంచిన చిమ్మిలి, ఇవియన్నియు తినువేళ పొయ్యితో పనిలేని ఆహారములు. అట్లతద్దినాడు మన బాలికలు తెల్లవారుజామున లేచి చద్దియన్నము, గోంగూర పచ్చడి, పెరుగు తినుట చూచుచునేయున్నాము. ఈ రుచులు మనకు క్రొత్తవి కావు. వానిని అవసరమునాటికి జ్ఞప్తి యుంచుకొనుటయే కావలెను.

అటుకులు వీనిలో ఉత్తమము. గుప్పెడు నీరు చిలికి కొంచెము సేపుంచినచో మెత్తబడును. బెల్లపు తురుము, కొబ్బరికోరు కలిపినచో పిల్లలు మారుమాటాడక తిందురు. పెద్దలకు మజ్జిగ, ఉప్పు, పచ్చిమిరపకాయ చాలును. వేరుసెనగపప్పును ముందుగనే వేయించి యుంచుకొన్నచో బలము కూడ నిచ్చును.

చద్దియన్నమును తక్కువగా చూడరాదు. గాలి రాకముందు సాయంకాలము అన్నము వండి, చల్లారిన తరువాత కాచి చల్లార్చిన నీరు పోసి మట్టికుండలో మూతవేసి యుంచినచో తెల్లవారునప్పటికి కొద్దిగా పులియును. ఉప్పు, ఉల్లిపాయ, మాగాయముక్క చాలును. గోదావరి ప్రాంతపు ఇండ్లలో గంజిని పులియబెట్టి దినదినము పెంచుచు వచ్చు తరవాణికుండ ఈ జాతిలోనిదే. కాని ఒక జాగ్రత్త కలదు: వరదనీరు తగిలిన కుండను వాడరాదు, ఒక రాత్రికి మించి చద్దియన్నమును నిలువయుంచరాదు.

గాలి తగ్గి పొయ్యి వెలిగించగలిగిననాడు మొదట వండదగినది ఉలవచారు. సోలెడు ఉలవలను రాత్రి నానవేసి, ఉదయమున పది సోలల నీటిలో మెత్తబడువరకు ఉడికించి, నీటిని వంచి, అందులో చింతపండు పులుసు, ఉల్లిపాయలు, మిరపకాయలు, ఉప్పు వేసి సన్నని సెగమీద చిక్కబడువరకు కాచవలెను. మిగిలిన ఉలవలు గుగ్గిళ్లుగా మనకును పనికివచ్చును, పశువులకును పనికివచ్చును. ఎద్దులకు ఉడికించిన ఉలవల నీటినే కృష్ణాతీరపు రైతుబిడ్డలు ఇంతటి రుచిగా మార్చుకొనిరి. దినమున కొకసారి మరిగించుచున్నచో ఈ చారు రెండుమూడు దినములు చెడదు. తడిసి వణకుచున్న పనివానికి వేడి ఉలవచారన్నము కంటె మంచి మందు లేదు.

పెసరపప్పు త్వరగా ఉడుకును. వంటచెరకు కొదువయైన దినములలో అది గొప్ప సుగుణము. పలుచగా ఉడికించి అల్లము, పచ్చిమిరప, కరివేపాకు వేసి, దించిన తరువాత నిమ్మరసము పిండినచో పెసరకట్టగును. ముసలివారికిని, జ్వరము తగిలినవారికిని ఇది హితము. ఎండుచేపలు తినువారు వానిని వేడినీటిలో రెండుమూడు మారులు కడిగి ఇసుకయు ఉప్పును పోగొట్టి, కొంచెము వేచి, వంకాయముక్కలతో పులుసు పెట్టుకొందురు. పులుపు, కారము ఉండుటచే అది మరునాటికి మరింత రుచి వచ్చును. పులుసులో మరల ఉప్పు వేయుటకు ముందు రుచి చూడవలెను.

నేలలోని గాదె

గాలి తీసికొనిపోలేని గాదె యొకటి కలదు, అది నేల. కంద, పెండలము, చామ, చిలగడదుంప పెరటిలో నున్నచో చెట్లన్నియు పడిపోయినను కూర కొదువయుండదు. కందబచ్చలి కూర గోదావరిజిల్లాల విందులలో నుండుట మన మెరుగుదుము. తుపానుదినములలో అదియే పేదవాని విందు. అయితే నీరు నిలిచిన నేలలో దుంప కుళ్లును. కావున దుంపలు గట్లమీదను, ఎత్తు బోదెలమీదను వేయవలెను. వరద తీయగనే తడిసిన దుంపలను త్రవ్వి మొదట వానినే వాడుకొనవలెను.

తాటిచెట్టును గూర్చి వేరుగా చెప్పవలెను. ఎంతటి గాలికిని తాళి నిలుచునది తాటిచెట్టే యని తీరమున నున్న వారందరు ఎరుగుదురు. భాద్రపదమున పండ్లు తిన్న తరువాత టెంకలను పారవేయక, పెరటిలో ఎత్తున ఇసుకమన్నుపోసి వరుసగా పేర్చి కప్పిపెట్టినచో, కార్తీకము చివరనుండి సంక్రాంతివరకు తేగలు వచ్చును. మధ్యలో పగులగొట్టినచో లోపల తెల్లని బుర్రగుంజు పిల్లలకు తియ్యని తిండి. తేగలను ఉడికించియు, నిప్పులమీద కాల్చియు తినవచ్చును. దీనికి ఎరువు లేదు, పెట్టుబడి లేదు, కాపలా లేదు. పంట పోయిన సంవత్సరమున నెలరోజులు సాయంకాలపు తిండి దీనితో గడచును.

కూలిన చెట్టు

తోట పడిపోయినపుడు రైతు కొన్ని దినములు దాని ముఖము చూడలేడు. పెరిగి కాపునకు వచ్చుటకు కొబ్బరికి ఆరేడేండ్లు పట్టును. అది ఒక్క రాత్రిలో పోయినపుడు కలుగు దుఃఖము మాటలతో తీరునది కాదు. అయినను కూలిన చెట్టును కుళ్లనిచ్చుట రెండవ నష్టము.

అరటి పడినచో ముప్పాతిక ముదిరిన గెలలను వెంటనే కోసి నీడను వ్రేలాడదీయవలెను. లేత కాయలు కూరకు, వేపుడునకు వచ్చును. పువ్వులోని గట్టి కేసరములను తీసివేసి, తరిగి మజ్జిగలో వేసినచో నల్లబడదు. బోదెలోపలి దూటను చక్రములుగా కోసి నారతీసి పెసరపప్పుతో వండవచ్చును. మిగిలిన బోదె పశువులకు మేత.

కొబ్బరి విషయమున ముదురుకాయలను ఒలవక డొక్కతోనే ఎత్తున పేర్చిన నిలువయుండును. లేతవి త్రాగుటకు, నీరు చెడిపోయిన ఊరిలో బొండము ఔషధమువంటిది. నడిమి కాయలు పచ్చడికి. పూర్తిగా కూలిన చెట్టుయొక్క మొవ్వు తెల్లగా, తియ్యగా నుండును. పచ్చిగను కూరగను తినవచ్చును. వంగినదో, సగము వేళ్లతో నిలిచినదో అయిన చెట్టు మొవ్వును మాత్రము తీయరాదు. అట్టి చెట్టు తేరుకొనవచ్చును. మట్టలు, డొక్కలు, చిప్పలు ఆరబెట్టి వచ్చే సంవత్సరపు వంటచెరకుగా నుంచుకొనవలెను.

వరదనీట మునిగిన ఆకుకూరలను, తడిసి ముక్కిన పిండిని, నీటిలో తేలివచ్చిన చచ్చిన చేపలను ఏ కారణముచేతను తినరాదు. పొదుపనగా చెడినదానిని తినుట కాదు.

నీరు, నిప్పు

తుపానులో తప్పించుకొన్న బిడ్డ తరువాతి వారమున విరేచనములతో పోవుట మిక్కిలి విచారకరము. దీనికి కారణము నీరు. మనుష్యునికి దినమునకు మూడు లీటర్ల త్రాగునీరు లెక్కించినచో అయిదుగురికి ఏడు దినములకు 105 లీటర్లు కావలెను. వార్త తెలిసిననాడే కడిగిన బిందెలు, మూతగల డబ్బాలు అన్నియు నింపి ఎత్తున పెట్టుడు. అది అయిపోయిన తరువాత ఏ నీరైనను తేర్చి, వడగట్టి, తెర్లు కాచి చల్లార్చియే త్రాగవలెను. మునిగిన బావిని ఆరోగ్యశాఖవారిచే బ్లీచింగు పొడి వేయించకుండ వాడరాదు.

విరేచనములు పట్టినచో కాచిన లీటరు నీటిలో ఆరు సమతలపు చిన్నచెంచాల చక్కెరయు, అర చిన్నచెంచా ఉప్పును కరగించి కొంచెము కొంచెముగా త్రాగించుచు, వెంటనే వైద్యునకు చూపవలెను. ఉప్పు వేసిన పలుచని బియ్యపు గంజియు మేలు చేయును. చంటిబిడ్డకు తల్లిపాలు మానిపించరాదు.

నేడు గ్యాసు పొయ్యి లేని యిల్లు అరుదు. కాని బండ అయిపోయినచో రోడ్డు తెరచువరకు మరియొకటి రాదు. కాబట్టి ఒక మట్టి కుంపటియు, గోనెసంచిలో కట్టి అటకమీద పెట్టిన పిడకలు, కొబ్బరిచిప్పలు, ఎండు పుల్లలును ప్రతి యింట నుండవలెను. ఇల్లు విడుచునపుడు బండ రెగ్యులేటరు కట్టివేసి, బండను నిలువుగా కిటికీ ఊచకు కట్టుడు. లేనిచో నీట తేలి కొట్టుకొనిపోవును. విద్యుత్తు లేనపుడు మిక్సీ పనిచేయదు. పెరటిలోనికి తోసిన రోలును ఈ రెండు నెలలైనను లోపలికి తెచ్చి కడిగి యుంచుకొనుడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. అధికారులు ఇల్లు విడువుమన్ననాడు ఈ నిలువలను చూచుకొని ఎవరును ఇంట నిలిచిపోరాదు. రెండు దినముల అటుకులు, బెల్లము, ఒక్కొక్కరికి నీటి సీసా, మందులు, భూమి పాసుపుస్తకము, సంఘపు పాసుపుస్తకము నీరు చొరని సంచిలో కట్టుకొని బయలుదేరుడు. పశువుల పలుపులు విప్పి వదలుడు. కుండలు మరల చేసికొనవచ్చును.

సంఘము చేయదగినది

ఒక్కొక్క యిల్లు చేయలేని పనిని సంఘము చేయవచ్చును. భాద్రపదమాసపు సభలో మూడు తీర్మానములు చేసికొనుడని సూచించుచున్నాము. మొదటిది: సంఘపు గిడ్డంగిలో ఎత్తైన బల్లలమీద సభ్యుల విత్తనపు మూటలను పేరు వ్రాసి ఆశ్వయుజ కార్తీకములు భద్రపరచుట. విత్తనము ఇంట లేనిచో ఆకలివేళ చేయి దానిమీదికి పోదు. రెండవది: ఉప్పు, టార్పాలిను పట్టాలు, అగ్గిపెట్టెలు, క్రొవ్వొత్తులు సభ్యులందరికి కలిపి టోకున కొని ముందుగనే పంచుట. తుపాను వార్త వచ్చిన తరువాత వీని వెల మన చేతిలో నుండదు. మూడవది: దోసెడు బియ్యపు కుండను ప్రతి వీధిలో ఇద్దరు గృహిణులు నెలకొకసారి చూచి, వెనుకబడిన యింటికి తోడుపడుట. కూలికిపోయి బ్రతుకు ఇంట దోసెడు తీయుట కష్టము. వారి కుండలో నిండుగా నున్నవారు చేయి వేయవలెను. వరదనీరు భూమి గలవాని యింటిని, లేనివాని యింటిని వేరు చేసి చూడదు.

ఇవి గొప్ప సంగతులు కావు. ఖర్చు స్వల్పము, వంటలు మనము పుట్టినది మొదలు తిన్నవియే. ఈ సంవత్సరము తుపాను రాకపోయిన మంచిదే. మార్గశిరమున ఆ బియ్యమే వండుకొని, తేగలు కాల్చుకొని సంతోషముగా తినుడు. వచ్చినచో, ఏడవనాటి సాయంకాలము విత్తనపు మూట విప్పకుండ పొయ్యి వెలిగినదా లేదా చూచుకొనుడు. మీ ఊరిలో వాడుకయందున్న నిలువవంటలను, జాగ్రత్తలను సంఘ కార్యదర్శి ద్వారా మాకు వ్రాసి పంపినచో ఇతర గ్రామముల వారికి తెలుపుదుము.